గోడ అవతలి తరగతి

సౌదీ అరేబియాలోని అభాలో నీళ్ళు వంద డిగ్రీల దాకా వెళ్ళవు. ఊరు ఎత్తైన కొండల మీద ఉంది, గాలి పలచన, అందువల్ల తొంభై రెండుకూ తొంభై మూడుకూ మధ్యనే మరిగిపోతాయి. భౌతికశాస్త్రం చదివిన ఎవరికైనా ఈ సంగతి కాగితం మీద తెలిసిందే. నాకూ తెలుసు. అయినా ఆ ఊళ్ళో దిగిన తొలి వారంలోనే అద్దె గదిలో గిన్నె పెట్టి, థర్మామీటరు ముంచి చూసుకున్నాకే నమ్మాను. నా స్వభావం అటువంటిది. దానివల్ల నాకు స్నేహితులు తగ్గిపోయారని మా ఆవిడ అంటుంది. ఎంతమంది తగ్గారో ఎలా తేల్చావని అడిగితే లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

బోధనలోకి కొత్తగా అడుగుపెట్టినవారు ఈమధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: మహమ్మారి తర్వాత విద్యార్థులకు తరగతి కావాలా, ఆన్‌లైన్ కావాలా అని. నా దగ్గర జవాబు లేదు. ఒక అనుభవం మాత్రం ఉంది. అది సౌదీలో ఒక్క విశ్వవిద్యాలయంలో, ఒక్క శాఖలో జరిగింది. దాన్నుంచి లోకానికంతటికీ సిద్ధాంతం లాగవద్దని ముందే మనవి చేస్తున్నాను.

మా దగ్గర మగపిల్లల భవనం వేరు, ఆడపిల్లల భవనం వేరు. మధ్యలో ఎత్తైన గోడ. ఆడపిల్లలకు భౌతికశాస్త్రం చెప్పడానికి ఉపాధ్యాయినులు చాలని కాలంలో నన్ను తీసుకున్నారు. నేను మా భవనంలోని చిన్న స్టూడియోలో కెమెరా ముందు నిలబడి పాఠం చెప్పేవాణ్ణి. గోడ అవతల హాల్లో కూర్చుని వాళ్ళు పెద్ద తెర మీద నన్ను చూసేవారు. నాకు వాళ్ళు కనబడరు. బల్లల మీద మైకులుండేవి. సందేహం వచ్చిన అమ్మాయి మీట నొక్కితే ఆమె గొంతు నా గదిలోని స్పీకర్లో వినిపించేది.

ఆ విధంగా నా ఉద్యోగ జీవితంలో అధికభాగం నేను ఎన్నడూ చూడని విద్యార్థులతో గడిచింది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు పాత విద్యార్థుల ముఖాలు తలుచుకుంటారు. నాకు తలుచుకోవడానికి ముఖాలు లేవు. గొంతులున్నాయి. ప్రశ్న అడిగే ముందు గొంతు సవరించుకునే అమ్మాయి, పక్కనున్నదాని చేత ప్రశ్న అడిగించి తాను వెనక నుంచి అందించే అమ్మాయి, అర్థమయిందా అంటే అందరికంటే ముందు "నఅమ్, దక్తూర్", అంటే అవును డాక్టరుగారూ, అని చెప్పి చివరలో అదే ప్రశ్న అడిగే అమ్మాయి. నేను హాస్యమాడితే నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. ఆ ఆలస్యం తీగలదా, నా ఇంగ్లీషుదా, ఆ హాస్యానిదా అన్నది ఎన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

మహమ్మారి వచ్చి లోకమంతా తెరల ముందు కూర్చున్నప్పుడు, ముఖాలు కనబడకుండా పాఠం చెప్పడం ఎలాగని నా సహోద్యోగులు కలవరపడ్డారు. మా స్టూడియో టెక్నీషియన్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నన్ను చూసి ఒకటే నవ్వు.

"ఏంది సార్, మీకెందుకు పరేషాన్? మీరు ఇన్నేండ్ల సంది గోడకే కదా పాఠం చెప్తున్నరు!"

నేనూ నవ్వాను. కాని తేడా మొదటి వారంలోనే తెలిసింది. ఇళ్ళలో అమ్మాయిలు మైకులు మూసుకుని కూర్చునేవారు. హాలులో కుర్చీల కిరకిర, కాగితాల గరగర, ఎవరి దగ్గో, ఎవరి గుసగుసో ఎప్పుడూ వినిపిస్తూ ఉండేవి. నా పాఠం ఎవరికి పట్టిందో, ఎక్కడ జారిపోయిందో నేను ఆ శబ్దాల్ని బట్టి ఊహించుకునేవాణ్ణి. ఇప్పుడు పూర్తి నిశ్శబ్దం. ప్రశ్నలు రాసి పంపమంటే, రాసిన కొద్దిమందీ "ఇది పరీక్షలో వస్తుందా?" అని మాత్రం రాశారు.

గేట్లు మళ్ళీ తెరిచాక అమ్మాయిలు హాలుకు తిరిగి వచ్చారు గాని అంతా ఒక్కసారిగా రాలేదు. సగం కుర్చీలు ఖాళీ అని అవతలినుంచి కబురు వచ్చేది. అప్పుడే శాఖాధిపతి నన్ను పిలిచాడు. ఆయన సౌదీ మనిషి, నాకంటే చిన్నవాడు, ఇంగ్లండులో చదివాడు, మర్యాదస్తుడు. విద్యార్థులందరికీ ఆన్‌లైనే ఇష్టమని, ఉపన్యాసాలూ ప్రయోగాలూ రెండూ శాశ్వతంగా తెర మీదికి మార్చేద్దామని డీన్ ఆలోచిస్తున్నట్టు చెప్పాడు.

"అందరికీ ఇష్టమని ఎలా తెలిసింది?" అన్నాను.

"అడిగాం కదా. ఆన్‌లైన్ ప్రశ్నావళి పంపాం."

"ఆన్‌లైన్ ఇష్టం లేనివాళ్ళు దానికి జవాబిచ్చి ఉంటారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దక్తూర్, మీతో మాట్లాడటానికి ముందు నేను కాఫీ తాగాల్సింది."

ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాం. సెమిస్టరు చివర్లో విద్యార్థినులనే స్వయంగా, గొంతెత్తి మాట్లాడేటట్టు అడగాలి. ఈలోపు పరీక్ష మార్కుల్లో ఏమైనా తేడా ఉందేమో నేను చూసి చెప్పాలి.

ఈ కబురు విన్న సాయంత్రమే అవతలి భవనం నుంచి ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. అమ్మాయిల చేత ప్రయోగాలు చేయించే బాధ్యత ఆవిడది. కడప జిల్లా నుంచి వచ్చింది. మా రెండు కుటుంబాలకూ రాకపోకలుండేవి. మా ఆవిడ చేసే గోంగూర పచ్చడికి ఆవిడ భర్త శాశ్వత అభిమాని. ఆయన ఆవిడకు మహరంగా, అక్కడి నియమం కోరే కుటుంబపు మగతోడుగా, వెంట వచ్చినవాడు, అంటే ఆ దేశంలో ఉండటానికి కావలసిన నివాస అనుమతులు, ఆయన ఇకామా, కూతురి ఇకామా రెండూ ఆవిడ ఉద్యోగం మీదే నిలిచి ఉన్నాయి. కూతురు పదో తరగతిలోకి వచ్చింది.

"సార్, ల్యాబ్ మూసేస్తారంట కదా? నిజమేనా?"

"ఇంకా ఏమీ తేలలేదమ్మా."

"మూసేస్తే నాకేముండాది సార్ ఇక్కడ పని? ముగ్గురికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి దేశం నుంచి పంపించేస్తారు. పాప పరీక్షలు నడి మధ్యన పడతాయి. అది అయ్యేదాకన్నా ఉండనిస్తే చాలు సార్. మీరు మీటింగులో గట్టిగా చెప్పండి, ల్యాబ్ లేకుంటే ఫిజిక్స్ రాదని."

"రాదని నాకు తెలియదు కదమ్మా."

"ఏం సార్ మీరు! ఇల్లు తగలబడతాంటే టెంపరేచర్ ఎంతని అడిగేటట్టున్నారే," అంది.

ఆ దెబ్బ న్యాయమైనదే. కాని నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే, రేపు నాకు నిజంగా తెలిసినదాన్ని ఎవరూ నమ్మరు. ఆ మాటే చెప్పాను. ఆవిడకు నచ్చలేదు.

తరువాతి వారం ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో కోపం, నవ్వు కలిసి ఉన్నాయి. మహమ్మారి కాలంలో ప్రయోగాలన్నీ కంప్యూటర్ బొమ్మల మీద చేసిన జట్టు మొదటిసారి ల్యాబ్‌కు వచ్చింది. నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత కొలవమని చెప్పింది. పాదరసం తొంభై మూడుకు ఇవతలే ఆగిపోయింది. నీళ్ళు తెర్లుతున్నాయి. అమ్మాయిలు థర్మామీటరు పాడైందని వేరేది అడిగారు. వేరేది ఇస్తే అదీ అక్కడే ఆగింది.

"అప్పుడేం చేసినారో తెల్సా సార్? అంతమందీ కాగితం మీద వంద రాసినారు! కండ్ల ముందర తొంభై మూడు పెట్టుకోని వంద రాస్తాండారు. ఎందుకే అంటే, కంప్యూటర్లో వందే వచ్చిందంట. ఇదైనా చెప్పండి సార్ మీటింగులో!"

నాకు లోపల సంతోషం కలిగింది. వెంటనే సందేహమూ కలిగింది. ఆ బొమ్మను తయారుచేసినవాడు ఎత్తును కూడా లెక్కలోకి తీసుకుని ఉంటే అందులోనూ తొంభై మూడే వచ్చేది. అది ఆ బొమ్మ లోపమే తప్ప తెర లోపమని చెప్పలేం. పైగా మహమ్మారికి ముందు కూడా పుస్తకంలోది చూసి వంద రాసినవాళ్ళు లేరని ఎవరు చెప్పగలరు? ఈ మాటలన్నీ ఆవిడతో అనలేదు. "చూద్దామమ్మా," అన్నాను. అంతమాత్రం లోకజ్ఞానం నాకూ ఉంది.

ఇక మార్కులు. హాల్లో కూర్చుని విన్న పాత జట్లనూ, మహమ్మారి కాలంలో రికార్డయిన నా పాఠాలను ఇంట్లో చూసిన కొత్త జట్లనూ పక్కపక్కన పెట్టాను. ప్రశ్నపత్రాలు వేరు కాబట్టి ఒకే రకం ప్రశ్నలను మాత్రం ఏరుకుని పోల్చాను. ఎన్ని విధాల తిప్పి చూసినా ఉపన్యాసం విషయంలో నాకు తేడా కనబడలేదు. ఇన్నేళ్ళు రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కెమెరా ముందు నిలబడిన మనిషికి ఈ ఫలితం ఎలా ఉంటుందో మీరే ఊహించండి. టెక్నీషియన్‌కు చూపించాను.

"సార్, ఇది చూపిస్తే మీ కుర్చీ పోతది. జేబుల పెట్టుకోండ్రి, సప్పుడు చెయ్యకుండ్రి."

"అడిగితే ఏం చెప్పను?"

"ఇంకా చూస్తున్న అని చెప్పండ్రి. మీరు ఎప్పుడూ అదే కదా చెప్పేది!"

సమావేశం స్టూడియోలోనే జరిగింది. శాఖాధిపతి, నేను, ఒక మూల టెక్నీషియన్. గోడ అవతల హాలు నిండిపోయిందని మేడమ్ చెప్పింది. చాలాకాలం తర్వాత ఆ స్పీకర్లో కుర్చీలు కదిలిన చప్పుడు విన్నాను. శాఖాధిపతి మొదలుపెట్టకముందే నా చేతులు అలవాటుగా సుద్దముక్క కోసం వెతికాయి.

మొదట చాలామంది ఒకేసారి మాట్లాడారు. ఇంట్లో ఉంటే తమ్ముళ్ళ అల్లరి అని ఒకరు, హాలుకు వస్తేనే స్నేహితురాళ్ళు కనబడతారని ఒకరు, ఇంట్లో తల్లి మధ్యలో వంటకు పిలుస్తుందని ఒకరు. ఆ తర్వాత ఒక అమ్మాయి మీట నొక్కింది. గొంతు మెత్తగా ఉంది గాని వణుకు లేదు. ఆమె ఊరు కొండ దిగువన, తిహామా మైదానం వైపు ఉందని ముందే చెప్పుకుంది.

"దక్తూర్, నన్ను తప్పుగా అనుకోవద్దు. మా అన్నయ్య కారులో ఆ మలుపులన్నీ ఎక్కి వస్తాను. పొగమంచు పడితే సగం దారిలో ఆగిపోతాం. ఇంత చేసి వచ్చి ఏం చేస్తాను? హాల్లో కూర్చుని తెర చూస్తాను. తెర మా ఇంట్లోనూ ఉంది."

హాలంతా నవ్వింది. ఈసారి ఆలస్యం లేదు.

"అదీగాక ఇంట్లో అయితే మిమ్మల్ని మధ్యలో ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. ఇక్కడ మిమ్మల్ని ఆపడం ఎవరి వల్లా కాదు."

మరీ పెద్దగా నవ్వారు. టెక్నీషియన్ గోడ వైపు తిరిగి భుజాలు కుదుపుతున్నాడు. శాఖాధిపతి నా వైపు చూశాడు.

"మార్కులు చూశారా? రికార్డింగు చూసినవాళ్ళకు నష్టం జరిగిందా?"

"నష్టం నాకు కనబడలేదు."

"కనబడలేదంటే లేదనే కదా?"

"కాదు. కనబడలేదనే."

"దక్తూర్, డీన్‌కు రాయడానికి నాకు ఒక్క మాట కావాలి."

"అయితే అదే రాయండి. తేడా కనబడలేదు."

టెక్నీషియన్ నవ్వు ఆగిపోయింది. శాఖాధిపతి తల ఊపి, మైకు వైపు వంగాడు. "అలాగే ప్రయోగాలు కూడా ఇంటి నుంచే చేస్తే సరిపోతుందా?"

గోడ అవతల మేడమ్ ఎలా నిలబడి ఉందో నేను చూడలేను. చూడనవసరం లేదు.

"లేదు. ల్యాబ్ తీసేయకండి," అంది అదే అమ్మాయి.

"ఎందుకు? కంప్యూటర్లో ప్రయోగం చక్కగా వస్తుంది కదా?"

"అదే. మరీ చక్కగా వస్తుంది. అందులో వంద వచ్చింది, వంద రాశాను, మార్కులు వచ్చాయి. ఇక్కడ తొంభై మూడు వస్తే కూడా వందే రాశాను. మిస్ నా కాగితం చూడలేదు. నా వైపు చూసి, 'నీకు ఏం కనబడింది?' అని అడిగింది. నాకు కోపం వచ్చింది. థర్మామీటరే తప్పు, మా ఇంట్లో నీళ్ళు ఇలా ఉండవు అన్నాను. అయితే ఇంట్లోనే చూసి రమ్మంది. మా అమ్మ టీ నీళ్ళలో ముంచి చూశాను. తొంభై ఎనిమిది దాటింది. మర్నాడు అదే థర్మామీటరు పట్టుకుని కొండెక్కి వచ్చాను. ఇక్కడ తొంభై మూడే. నేను రోజూ తిట్టుకుంటూ ఎక్కే కొండ అది. నీళ్ళు కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంటాయని నాకు ఎవరూ చెప్పలేదు."

ఆమె ఆగి, "మీరు చెప్పే ఉంటారు, దక్తూర్. నేనే వినలేదు," అని మర్యాద కోసం చేర్చింది.

నేను చెప్పాను, నిజమే. ప్రతి ఏడూ చెప్పాను.

శాఖాధిపతి ఏదో ఆలోచిస్తూ మైకు వైపు వంగాడు. "ఒక్క సందేహం. ల్యాబ్ పరికరం బయటికి వెళ్ళకూడదు కదా. ఆ థర్మామీటరు ఇంటికి ఎవరు ఇచ్చారు?"

అప్పుడు మేడమ్ గొంతు, ఇంగ్లీషులో, చాలా స్పష్టంగా: "నేనే ఇచ్చాను సార్."

"తిరిగి వచ్చిందా?"

"వచ్చింది సార్. పగలకుండా వచ్చింది."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వినందుకు హాలూ నవ్వింది. ఒక అమ్మాయి, ఒక థర్మామీటరు, ఒక వంటిల్లు. శాస్త్రంలో దీన్ని నిరూపణ అనరు. నేను అదే మాట అనబోయాను కూడా. నోటిదాకా వచ్చింది. కాని ఆ క్షణంలో నన్ను ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం నా నియమం కాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

నిర్ణయం వారం తిరక్కముందే వచ్చింది. ప్రయోగశాల ఉంటుంది, అమ్మాయిలు స్వయంగా రావాలి. ఉపన్యాసాలు నా పాత రికార్డింగులే వాడతారు. హాలు మూసి కంప్యూటర్ గది చేస్తారు. రికార్డయిపోయిన ఉపాధ్యాయుడికి కొత్త ఒప్పందం అక్కర లేదు కాబట్టి, ఏడాది చివర నా ఒప్పందం పొడిగించలేదు. శాఖాధిపతి ఆ కబురు చెప్పడానికి స్వయంగా మా ఇంటికి వచ్చి, ఖర్జూరాలు తెచ్చి, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. ఎందుకు వచ్చాడో నాకు అర్థమైంది. ఆయనకు ఆ మాట నోట రాక, చివరికి నేనే చెప్పి ఆయన్ను ఆ ఇబ్బందిలోంచి బయటపడేశాను.

మేడమ్ ఆ రోజే ఫోన్ చేసింది.

"సార్, నేను అడిగింది ల్యాబ్ ఒక్కటే. మీది పోతాదని నేను అనుకోలే."

"నాది ఎక్కడికి పోయిందమ్మా? అంతా రికార్డులో ఉంది."

"అది మీరు కాదు కదా సార్."

"మార్కుల్లో తేడా లేదు."

"మార్కుల సంగతి పక్కన పెట్టండి సార్," అంది ఆవిడ.

నా ఎగ్జిట్ స్టాంపు పడేనాటికి ఆవిడ కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తున్నది. తరువాత ఇంటరు కూడా అక్కడే చదివింది. మేడమ్ ఇప్పటికీ అభాలో అమ్మాయిల చేత నీళ్ళు మరిగిస్తూనే ఉన్నది.

నేను మా ఊరు వచ్చి స్థిరపడ్డాక టెక్నీషియన్ అప్పుడప్పుడు వాయిస్ మెసేజీలు పంపిస్తాడు. ఒకసారి పంపిన దానిలో, రికార్డింగులు చూసేవాళ్ళు ఏ నిమిషంలో ఎక్కువగా వెనక్కి తిప్పుతారో కంప్యూటర్ ఒక గీతలా చూపిస్తుందని చెప్పాడు. "సార్, మీ అన్ని పాఠాలల్ల గీత సాఫ్‌గ పోతది. ఒక్క కాడ మాత్రం లేస్తది. అందరు అక్కడ ఆపి, వెనక్కి పోయి, మళ్ళ చూస్తున్నరు. జర మీరే చూడుండ్రి, ఏం చెప్పిన్రో."

చూశాను. గుప్తోష్ణం పాఠం. నీళ్ళు మరుగుతున్నంతసేపూ మంట కొనసాగుతున్నా పాదరసం కదలదు; ఆ వేడి అంతా నీరు ఆవిరి కావడానికే ఖర్చవుతుంది, థర్మామీటరుకు కనబడదు అని చెబుతున్నాను. మాట స్పష్టంగానే ఉంది, బొమ్మ సరిగానే గీశాను, తప్పేమీ దొరకలేదు. హాలు ఉన్న రోజుల్లో సరిగ్గా ఈ వాక్యం పూర్తికాగానే స్పీకర్లో మైకు చప్పుడయ్యేది. ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. ఏటా అదే చోట, ఏటా వేరే ప్రశ్న. కనబడని వేడి ఉందని ఎలా చెప్పగలరని ఒకరు, ఆవిరైపోయాక అది ఎవరి సొంతమని ఒకరు, ఆవిరి తిరిగి నీరైతే ఆ వేడి మళ్ళీ బయటికి వస్తుందా అని ఒకరు. ఇప్పుడు ఆ చోట ఆగుతున్నవాళ్ళది ఏ ప్రశ్నో నాకు తెలియదు. అడగడానికి దారీ లేదు.

అయినా ఊరుకోలేక, ఆ భాగం మళ్ళీ చెప్పి ఫోన్లో రికార్డు చేశాను. నాకు గుర్తున్న ప్రశ్నలన్నిటికీ ఒక్కొక్కటిగా జవాబు చెప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి, ఎవరితో మాట్లాడుతున్నారని కేకేసింది. టెక్నీషియన్‌కు పంపితే అతను దాన్ని పాత పాఠంలో అతికించాడు.

కొన్నాళ్ళకు మెసేజ్ వచ్చింది. "సార్, ముబారక్! ఇప్పుడు అక్కడ ఎవ్వరు ఆగుతలేరు. గీత సాఫ్."

అర్థమై ఆగడం లేదో, విసిగి దాటేస్తున్నారో ఆ గీత చెప్పదు. తెలుసుకోవడానికి పెద్ద ఏర్పాటు కూడా అక్కర లేదు. గోడ అవతల ఒక్కరు గొంతు సవరించుకుంటే చాలు.